చెయ్యని ప్రయోగం రికార్డులో రాయొద్దు! వ్యాయామ శాస్త్రం ల్యాబ్ మన ఉద్దానానికి రావాలి!

పలాస, కాశీబుగ్గ, టెక్కలి, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా! వ్యాయామ విద్య చదువుతున్న పిల్లలారా!

తెల్లారకముందే మన ఊరి మైదానాలు చూడండి. కానిస్టేబుల్ కొలువు కోసం 1600 మీటర్లు 8 నిమిషాల్లో దాటాలని కుర్రాళ్ళు పరుగెడుతున్నారు. ఎన్ని నీళ్ళు తాగాలో, ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళేరీ? కాళ్ళు పీకితే మందుల షాపులో నొప్పి మాత్ర కొని మింగి మళ్ళీ పరుగే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు చేటు. అసలే కిడ్నీ జబ్బుతో ఎందరినో పోగొట్టుకున్న నేల మనది. ఆ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. అందుకే ప్రతి మైదానం దగ్గరా శరీరం సంగతి తెలిసిన మనిషి ఉండాలి.

ఆ మనిషి నోట్సు బట్టీ పడితే తయారవడు. నాడి పట్టాలి, బీపీ చూడాలి, పనికి ముందూ తర్వాతా మనిషిని తూచాలి. మధ్యలో తాగిన నీళ్ళు లెక్కలో కలిపాక కిలో బరువు తగ్గిందంటే లీటరు దాకా చెమట పోయినట్టే. కొబ్బరి దింపే అన్న దగ్గర, జీడిపిక్కలు ఒలిచే అక్క దగ్గర ఈ లెక్క ఒక్కసారి కట్టిన విద్యార్థి జన్మలో మరిచిపోడు. కష్టమైన వ్యాయామం చేసిన మర్నాడు కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ కొంత పెరిగి కనిపించవచ్చని తెలిసినవాడే, ఆ పరీక్షకు ముందు రోజు పరుగు మానమని తమ్ముడికి చెప్పగలడు.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1927లో అలసటను పరిశోధించడానికే ఒక ల్యాబ్ పెట్టింది. 1932 వేసవిలో ఆ శాస్త్రవేత్తలు ఎడారిలో హూవర్ డ్యామ్ కడుతున్న కూలీల దగ్గరికే వెళ్ళి, ఎండలో చెమటతో పోయే ఉప్పు సంగతి పరిశీలించారు. 20 అంగుళాల బల్ల మీద నిమిషానికి 30 సార్లు చొప్పున 5 నిమిషాలు ఎక్కి దిగే స్టెప్ టెస్టు కూడా ఆ ల్యాబ్‌దే. ఆ బల్లను మన ఊరి వడ్రంగి చెయ్యలేడా? తూకం, స్టాప్‌వాచ్, బీపీ మిషన్ కొనడానికి కోట్లు కావాలా?

అలాగని చౌక సామాను చాలని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ట్రెడ్‌మిల్, ఊపిరిలోని ఆక్సిజన్ కొలిచే యంత్రం జిల్లా పిల్లలకు అందాల్సిందే. ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె జిల్లా పిల్లలం మనం!

విద్యార్థులారా! వారానికి ప్రాక్టికల్ ఎన్ని గంటలో అడగండి. మీ చేత్తో చెయ్యని ప్రయోగాన్ని రికార్డులో రాయకండి. తల్లిదండ్రులారా! అడ్మిషన్ రోజున ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపించమనండి.

సర్పంచులారా! ఉద్దానం ఊళ్ళలో ఫీల్డ్ ప్రాక్టికల్స్ పెట్టమని ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి పంచాయతీ తీర్మానం పంపండి. 2023 డిసెంబరులో పలాసలో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం డాక్టర్లు ఆ పనికి తోడుండాలని అందులోనే కోరండి. ఒక షరతు కూడా రాయండి: కూలీ ఒప్పుకుంటేనే కొలత, ఫలితం ముందు ఆ కూలీకే చెప్పాలి.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. మీ ఊరి పేరు, మైదానంలో రోజూ పరుగెత్తేవాళ్ళ సంఖ్య రాసి, సంతకాలు పెట్టి, వచ్చే గ్రామసభలో అందరి ముందూ సర్పంచి చేతికివ్వండి.