ఎడమ భుజానికి ఆనే తుపాకి

ఈ సంచిక ఎడమచేతివాటం వాళ్ళది. గుడివాడ, దివిసీమల్లో లైసెన్సు తుపాకి ఉన్న ఇళ్ళు తక్కువే. అయినా అక్కడే మొదలుపెట్టాం. తండ్రి భుజానికి సరిపోయిన తుపాకి, చట్టప్రకారమే, ఓ పొట్టి ఎడమచేతి కూతురికి వస్తే? 1959 ఆయుధాల చట్టం రక్షణకు లైసెన్సిచ్చే నున్నగొట్టం తుపాకికి గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదంటుంది. భుజానికి ఆన్చే కర్ర పొడవు ఊసెత్తదు. జోడుగొట్టాల పన్నెండు బోరే ఆమెకు నయమని మా అభిప్రాయం: కాల్చాక ఖాళీ తూటా తొడుగు ఎడమచేతివాళ్ళ మొహం ముందునుంచి ఎగరదు, కర్రను మరమ్మతుదారు కురచ చేయగలడు. తేలికైన తుపాకి మోయడానికి సుఖమే, తన్నడం మాత్రం గట్టిగా తంతుంది.

తుపాకులే కాదు, ఇళ్ళలోని కొడవలి, కత్తెర కూడా ఇంకా కుడిచేతివే. ఈ సంచికలో రాసినవాళ్ళెవరూ జాలి అడగలేదు, కొలతలు అడిగారు. మీ కొలతలూ రాసి పంపండి.