నసావ్ గ్రూపర్‌కు పున్నమి గండం

బహమాస్ దీవుల్లో పొద్దున్నే నిమ్మరసం, ఉల్లిపాయ, ఘాటు మిరపకాయ వేసి ఉడికించిన చేపను పులుసుతో సహా తింటారు. అందులోకి ఎక్కువ మంది కోరేది నసావ్ గ్రూపర్. ఆ దేశ రాజధాని పేరే దానికీ ఉంది. కరీబియన్ అంతటా ఒకప్పుడు విరివిగా దొరికిన ఈ చేపను 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అతిగా పట్టడమే కారణమంటే సగం చెప్పినట్టే. ఎక్కడ, ఏ రోజుల్లో పట్టారన్నది చూస్తేనే మిగతా సగం తెలుస్తుంది.

ఏడాదిలో చాలా భాగం ఇది ఒంటరిగానే బతుకుతుంది. పగడపు దిబ్బలో ఓ నెర్రె చూసుకుని, మాటు వేసి, చిన్న చేపలనూ పీతలనూ మింగుతుంది. ఈడుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. చలికాలంలో, ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పున్నమి వచ్చేసరికి తన చోటు విడిచి బయల్దేరుతుంది. కొన్ని చేపలైతే వంద కిలోమీటర్లకు పైగా ఈదుతాయి. దిబ్బ అంచు ఒక్కసారిగా లోతులోకి దిగిపోయే చోట గుంపుగా చేరి, పొద్దుగూకే వేళ గుడ్లు వదులుతాయి. బిమిని దీవి దగ్గర అలాంటి గుంపులో 30 వేల నుంచి లక్ష దాకా చేపలున్నట్టు 1972లో వెలువడిన పరిశోధన పత్రం అంచనా వేసింది.

ఆ చోట్లు జాలర్లకు తెలుసు. అక్కడ వేసిన గాలం వట్టిగా రాదు. దిబ్బల మీద చేపలు సగానికి తగ్గినా, మిగిలినవన్నీ ఒక్కచోటికే వస్తాయి కనుక పడవ నిండుతూనే ఉంటుంది. కొరత ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. చివరికి ఓ ఏడు గుంపే కట్టదు. వర్జిన్ దీవుల్లో సెయింట్ థామస్ దగ్గరి గుంపు 1970ల్లోనే అలా పోయింది.

లిటిల్ కేమన్ దీవి అనుభవం దీనికి భిన్నం. దాని పడమటి కొసన 2001లో సుమారు 7,000 చేపల గుంపు జాలర్ల కంటపడింది. రెండు చలికాలాల్లోనే దాదాపు 4,000 పట్టేశారు. 2003లో గుడ్లు పెట్టే చోట వేటను ప్రభుత్వం ఆపేసింది. అయినా ఏళ్లపాటు గుంపు పెరిగిన జాడ లేదు. ఆ ఎదురుచూపులోనే నిషేధం ఎత్తేసి ఉంటే ఈ గుంపు కూడా మిగిలేది కాదని నా నమ్మకం. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు నెలకు పైగా ప్రవాహాల్లో కొట్టుకుపోతాయి. ఏ ఏడు అవి దీవి దగ్గరే నిలుస్తాయో ముందుగా చెప్పలేం. 2011లో అలా నిలిచాయి. 2018 నాటికి గుంపు మళ్లీ 7,000 దాకా చేరింది. నీటి అడుగున కెమెరాలతో ఏటా లెక్కపెట్టిన పరిశోధకులు ఊళ్లో వాళ్లకు ఆ లెక్కలు చూపించారు. ఆ ఓపికే 2016 నిబంధనలకు దారి తీసింది: డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వేట లేదు, మిగతా నెలల్లో పడవకు రోజుకు అయిదు చేపలే, అదీ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్నవే.

కేమన్ నిబంధనలు ఈ ఒక్క జాతి కోసమే పెట్టినవి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అమలయ్యే 61 రోజుల నిషేధం యాంత్రిక, మోటారు పడవలకు, అన్ని రకాల చేపలకూ కలిపి పెట్టింది. ఒకే చోట గుమిగూడే జాతికి తేదీల నిషేధం చాలదు. ఆ చోటు పటం మీద గీసి, అక్కడ కాపలా పెట్టాలి.

గుంపును కాపాడినంత మాత్రాన పని పూర్తికాదు. పిల్ల గ్రూపర్లు మొదట సముద్రపు నాచు పొదల్లో, సముద్రగడ్డిలో తలదాచుకుని, పెరిగాకే దిబ్బలకు చేరతాయి. ఆ దిబ్బలకూ తెగులు పట్టింది. 2014లో మయామీ దగ్గర బయటపడిన పగడాల వ్యాధి 2020కల్లా కేమన్ దీవులకు పాకింది. 2023 వేడికి కరీబియన్ పగడాలు తెల్లబారాయి. రేవులకూ రిసార్టులకూ అనుమతులిచ్చే ప్రభుత్వాలు పిల్లలు పెరిగే నాచునూ గడ్డినీ కూడా గ్రూపర్ నివాసంగా గుర్తించి, వాటి మీద తవ్వకాలు ఆపాలి.