దొంగను పట్టండి, కూలి ఎగ్గొట్టకండి

ఉపాధి పనుల్లో అవినీతిని అరికట్టడమే మా లక్ష్యం అని పాలకులు చెబుతున్నారు. లక్ష్యం మంచిదే. దొంగ మస్టర్లు రాసినవాణ్ణి వదిలేయమని మనలో ఎవరన్నారు? అయితే లక్ష్యానికీ ఒక నీతి ఉండాలి. దాన్ని సాధించడానికి ఎవరి నోటి దగ్గర కూడు లాగుతున్నారన్నది మనం అడగాలి.

పశ్చిమ బెంగాల్ సంగతి చూడండి. అక్కడ అక్రమాలు జరిగాయని 2022 మార్చిలో కేంద్రం ఉపాధి హామీ చట్టం 27వ సెక్షన్ కింద నిధులు ఆపేసింది. ఒక పంచాయతీకో జిల్లాకో కాదు, రాష్ట్రం మొత్తానికి. తిన్నవాళ్లు తిన్నారు. మట్టి మోసినవాళ్లకు మాత్రం చేసిన పనికి కూడా కూలి రాలేదు. 15 రోజుల్లో కూలి ఇవ్వాలని రాసుకున్న చట్టమది! ఆ బకాయిలు 2024లో గాని రాష్ట్ర ఖజానా నుంచి అందలేదు. అక్కడి వ్యవసాయ కూలీల సంఘం కోర్టుకెక్కింది. 2025 ఆగస్టు 1 నుంచి పథకం తిరిగి మొదలుపెట్టాలని జూన్‌లో కలకత్తా హైకోర్టు చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు పోతే అక్టోబరులో అక్కడా చుక్కెదురైంది. ఆసామి ఇంట్లో దొంగ పడితే పాలేరు జీతం ఎగ్గొట్టినట్టుంది ఈ న్యాయం.

వేరే దారి లేదా అంటే, ఉంది. మన దగ్గరే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైంది. ఆ ఏడాదే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ కూడా మొదలైంది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "నీకెన్ని రోజులు పడ్డాయమ్మా, ఎంత ముట్టింది?" అని అడిగి, ఆఖరికి ఊరందరి ముందూ చదవడం. చచ్చినవాడి పేర కూలి పడితే అక్కడే బయటపడుతుంది. అంతా సవ్యంగా జరిగిందని మేమనం. తేలిన సొమ్ములో వసూలైంది తక్కువే. అయినా అది దొంగను వెతికే పద్ధతి. 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిన ఫోను హాజరు దీనికి తలకిందులు. రెండు పూటలా ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేని గుట్ట మీద తవ్వినవాడే దోషి.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది చేసింది. 125 రోజులంటుంది. విత్తే కాలంలో, కోసే కాలంలో కలిపి 60 రోజుల దాకా పనులు ఆపాలని కూడా అంటుంది. రైతుకు కూలీలు దొరకాలట. చిన్న రైతు ఇబ్బంది మనకు తెలియనిది కాదు, మనలో చాలామందిమి కౌలుకు చేసేవాళ్లమే. దానికి గిట్టుబాటు ధర ఇవ్వాలి గాని, "ఇంత ఇస్తేనే నాటుకొస్తా" అనగలిగిన ఆడకూలీ చేతిలోని బలాన్ని లాక్కుంటారా?

ఇదే కొలత మనకూ వర్తిస్తుంది. "పేదవాళ్లే గదా, పనికి రానివాళ్ల పేర్లు కూడా ఎక్కించు" అని కొన్నిచోట్ల మనవాళ్లే మేట్ల మీద ఒత్తిడి తెస్తున్నారు. ఎవరి కూలి తగ్గుతుంది దీనివల్ల? గ్రూపు తవ్విన మట్టిని కొలిచి తలా ఇంత అని పంచుతారు గనక, ఎండలో తవ్వినవాళ్లదే. పైగా రేపు నిధులాపడానికి మనమే సాకు అందించినట్టు. మేట్ మన కార్యకర్తే అయినా సరే, సంఘం దీనికి ఒప్పుకోదు.

ఈసారి గ్రామసభలో మస్టర్లు గట్టిగా చదివించండి. మన సంఘం సభ్యుల పేర్లతోనే మొదలుపెట్టమనండి.