ఎవరును చూడని చోట, అందరును చూచు చోట



శోధన యనగానే మన తలంపు సారా దుకాణము మీదికి పోవును. కూలి డబ్బు చేతబడిన సాయంకాలమున ఆ దుకాణపు దీపము మన లైనులకు ఎంత దగ్గరగా కనబడునో మన తల్లులకు తెలియును. అయితే ఈ మాసము అంతకంటె కఠినమైన శోధన నొకదానిని గూర్చి వ్రాయ దలంచితిని.

ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు రాష్ట్రమునకు 1863 మొదలు 1904 వరకు దక్షిణ సముద్ర ద్వీపములనుండి సుమారు 62,000 ఒప్పందముల మీద కూలీలను తెచ్చిరి. వారిలో అనేకులు చెరకు తోటలలో పనిచేసిరి. కొందరు ఒప్పుకొని వచ్చిరి. కొందరిని మోసముచేతను బలాత్కారముచేతను ఓడ యెక్కించిరి. మొదటి ఒప్పందము మూడేండ్లు. జీతము ఏటికి 6 పౌనులు. మన తెలుగువారును ఆ దినములలోనే నేటాలు, మారిషసు చెరకు తోటలకు పోయిరి గనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

బండబర్గు పట్టణము చెంత ఫెయిరీమీడు తోటలో ఫ్లారెన్సు యంగు దొరసాని 1882లో 10 మంది కూలీలతో బైబిలు తరగతి ఆరంభించెను. 1886లో అది క్వీన్సులాండు కనాకా మిషను ఆయెను. ఆ తోట ఆమె సోదరులదే. యజమానుల ఇంటివారు చెప్పు బోధను కూలివాడు అనుమానించిన యెడల నేనతనిని నిందింపను. మనలను అణచి యుంచుటకే గదా ఈ మాటలు అని యెవడైన తలంచి యుండవచ్చును. దానికి ఉత్తరము తోటలో కాదు, తోట విడిచిన పిమ్మట దొరకవలెను.

మలైటా ద్వీపవాసియైన పేతురు అంబువోఫా క్వీన్సులాండులో విశ్వాసియై 1894లో స్వస్థలమునకు మరలిపోయెను. అక్కడ తోట లేదు, దొర లేడు, తరగతి లేదు. ఉన్నది సొంత జనము. ఆ ద్వీపమున పితరుల ఆత్మలకు పందులను బలియిచ్చుట ఆచారము; వ్యాధి వచ్చినను వాన రాకున్నను ఆ బలితోనే బాగగునని వారి నమ్మకము. బలిలో చేరనివాడు తనకు మాత్రమే కాక వంశమంతటికి కీడు తెచ్చువాడని యెంచబడును.

యోసేపును తలంచుడి. ఐగుప్తులో అతని యెరిగిన తండ్రి లేడు, అన్నలు లేరు. అతని శోధన ఎవరును చూడని చోట వచ్చెను. అంబువోఫా శోధన అందరును చూచు చోట వచ్చెను. పరస్త్రీని త్రోసి పారిపోవచ్చును. ఏడ్చుచున్న పెద్దమ్మను ఎట్లు త్రోయగలము? సెలవుకు ఊరికి పోయినప్పుడు, "ఈ ఒక్కసారికి చేయి కలుపరా, నాయనా" అని జాతర దినమున పెద్దలు బ్రతిమాలుకొనుట మనలో ఎందరు వినలేదు! వారు మనకు శత్రువులు కారు. మన మేలు కోరియే అడుగుదురు. అందుచేతనే అది బరువు. కాదనుటకు కోపము అక్కర లేదు, తిరస్కారము అసలే అక్కర లేదు. ప్రేమతో కాదని, మరునాడు వారి పొలములో పని చేయవచ్చును.

అంబువోఫాను తనవారు మొదట చేర్చుకొనలేదు. అయినను అతడు అక్కడనే నిలిచెను. మాలూ అను చోట అతని చుట్టు మెల్లగా ఒక సంఘము కూడెను. 1904లో యంగు దొరసాని మలైటాకు ప్రయాణమై పోవునాటికి అతడు పది యేండ్లు కాచుకొని యుండెను.

ఆస్ట్రేలియా ప్రభుత్వము 1901లో చేసిన చట్టమువలన, 1908 నాటికి ద్వీపవాసులలో అధికులు ఓడలలో వెనుకకు పంపబడిరి. వారిలో క్రైస్తవులైన మలైటావారు తీరమున దిగినప్పుడు, చేరుటకు వారికొక చోటు ఉండెను.