యంత్రానికి చెప్పే మాట

వాక్యం నుండి అర్థం కలగాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ అవసరమని మన శాస్త్రకారులు నిర్ణయించారు. ఒక పదం వినగానే మరొక పదం కోసం కలిగే అపేక్ష ఆకాంక్ష. పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. పదాలను ఎడం లేకుండా పలకడం సన్నిధి. వీటిలో ఏది కొంత కొరవడినా, వినేవాడు మనిషి అయినప్పుడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటాడు. "తలుపు" అన్న ఒక్క మాట చాలు. చలిగాలి వీస్తూ ఉంటే మూయమన్నారని, గుమ్మంలో అతిథి నిలిచి ఉంటే తీయమన్నారని అతడే గ్రహిస్తాడు. నేడు మన మాటలు చదివి పనిచేసే మరొక పాఠకుడు వచ్చాడు. అతడికి చలిగాలీ తెలియదు, అతిథీ కనిపించడు. ఆ పాఠకుడి పేరు కృత్రిమ మేధ.

కృత్రిమ మేధ కేవలం ప్రశ్నలకు జవాబులు చెప్పే దశను దాటింది. అప్పగించిన పనిని తానే అంచెలంచెలుగా నిర్వహించే రూపాన్ని ఏజెంట్ అంటున్నారు. ఏజెంటుకు చేతులు లేవు; మనం అందించే సాధనాలే దాని చేతులు. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఈ సాధనాలను అందించడానికి ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరచింది. సాధారణంగా ప్రతి సాధనానికీ ఒక పేరు, దాని పనిని తెలిపే వివరణ, దానికి ఇవ్వవలసిన విషయాల పట్టిక ఉంటాయి. లోపల ఆ సాధనం ఎంత నేర్పుతో నిర్మితమైనా ఏజెంటుకు కనిపించేది ఈ కొద్దిపాటి రాతే.

సాఫ్ట్‌వేర్ బిల్డ్ సేవలను ఉదాహరణగా తీసుకుందాం. ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చి, పరీక్షించి, వినియోగదారులకు పంపడానికి సిద్ధం చేసే క్రమాన్ని బిల్డ్ అంటారు. జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటి సేవలు ఈ పనిని చేసిపెడతాయి. అటువంటి ఒక సాధనానికి "బిల్డ్‌ను నడుపుతుంది" అని మాత్రమే వివరణ రాశారనుకోండి. వ్యాకరణరీత్యా అది నిర్దుష్టమైన వాక్యమే. కాని కొత్త బిల్డ్‌ను మొదలుపెట్టడమా, విఫలమైన దానినే తిరిగి నడపడమా? మొత్తం నడుస్తుందా, విఫలమైన భాగం మాత్రమేనా? పని ముగిసే వరకు ఆగి ఫలితం చెబుతుందా, మొదలైందని చెప్పి ఊరుకుంటుందా? ఈ చివరి అస్పష్టత అన్నిటికంటె ప్రమాదకరం. "మొదలైంది" అన్నదానిని "ముగిసింది" అని పొరబడిన ఏజెంట్, పరీక్షలు ఇంకా నడుస్తూ ఉండగానే అంతా సవ్యంగా ఉన్నదని పని అప్పగించిన వారికి నివేదించగలదు.

పేర్ల విషయమూ ఇంతే. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ప్రతి రన్‌కూ రన్ నంబర్ ఒకటి, రన్ ఐడి మరొకటి ఉంటాయి. రెండూ అంకెలే. మొదటిది 1, 2, 3 అని పెరిగే వరుస సంఖ్య. రెండవది ఆ రన్‌ను ప్రత్యేకంగా గుర్తించే పెద్ద సంఖ్య. "బిల్డ్ సంఖ్య ఇవ్వండి" అంటే ఏది ఇవ్వాలి? జెంకిన్స్‌లో అన్‌స్టేబుల్ అనే ఫలితం ఉంది. నిలకడ లేనిదని నిఘంటువు చెబుతుంది. అక్కడ మాత్రం బిల్డ్ పూర్తయింది గాని, సాధారణంగా కొన్ని పరీక్షలు తప్పాయని అర్థం. ఇటువంటి ప్రసిద్ధ సేవల గురించి ఏజెంటుకు కొంత పూర్వజ్ఞానం ఉండవచ్చు. సంస్థలు తమలో తాము పెట్టుకున్న పేర్లకు ఆ ఆధారమూ లేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణాన్ని సంజ్ఞా పరిచ్ఛేదంతో ఆరంభించింది ఊరకే కాదు.

ఆ వ్యాకరణంలోని సంధి సూత్రాలనే జ్ఞాపకం చేసుకోండి. ఉత్వసంధి నిత్యం. ఏమి, మఱి మొదలైన వాటి ఇత్తుకు సంధి వైకల్పికం. వచ్చి, చూచి వంటి క్త్వార్థక ఇత్తుకు సంధి లేదు. తప్పక జరిగేది, ఐచ్ఛికమైనది, కూడనిది అని మూడు తావులనూ ఆయన విడదీసి చూపాడు. సాధన వివరణలు రాసేవారిలో చాలామంది మొదటిది చెప్పి ఆగిపోతారు. నా దృష్టిలో మూడవదే ముఖ్యం. పై వివరణను ఇలా రాయవచ్చు: "ఇచ్చిన శాఖపై కొత్త బిల్డ్‌ను మొదలుపెడుతుంది. విఫలమైన బిల్డ్‌ను తిరిగి నడపడానికి దీనిని వాడరాదు. అందుకు వేరే సాధనం ఉంది. బిల్డ్ ఐడిని మాత్రమే ఇస్తుంది. ఫలితం కోసం స్థితిని తెలిపే సాధనాన్ని పిలవాలి."

సూత్రానికి సంక్షిప్తతే ప్రాణం కదా అని మీరు ప్రశ్నించవచ్చు. నిజమే, కాని సూత్రం వెనుక వృత్తి ఉంది, దానిని బోధించే గురువు ఉన్నాడు. ఏజెంటుకు ఆ రెండూ లేవు. అలాగని పుటలకొద్దీ రాయడమూ తగదు. ఏజెంట్ ఒకసారి మనసులో ఉంచుకోగల పాఠానికి మితి ఉంది. సాధనాలు అనేకమైనప్పుడు వాటి వివరణలే ఆ చోటును ఆక్రమిస్తాయి.

కొన్నిచోట్ల మాటను దిద్దడం కంటె సాధనాన్నే దిద్దడం మేలు. ఆంత్రోపిక్ నిపుణులు 2024 డిసెంబరులో ప్రకటించిన ఒక అనుభవం దీనికి నిదర్శనం. తమ ఏజెంట్ మూల ఫోల్డర్ నుండి బయటికి వెళ్ళిన తరువాత ఫైళ్ళ చిరునామాలను తప్పుగా ఇస్తున్నదని వారు గమనించారు. చిరునామాను ఎల్లప్పుడూ మొదటి నుండి పూర్తిగా ఇవ్వాలని సాధనాన్ని మార్చగానే ఆ దోషం తొలగింది.

వినియోగదారులకు కొత్త సాఫ్ట్‌వేర్‌ను పంపే సాధనం విషయంలో మాత్రం హెచ్చరిక ఒక్కటే రాసి ఊరుకోరాదు. మనిషి అనుమతి లేనిదే అది నడవకుండా తాళం ఉండాలి. ఆ తాళం ఉన్నదన్న సంగతి వివరణలోనూ చెప్పాలి. లేకపోతే ఏజెంట్ ఆ తిరస్కారాన్ని సాధనంలోని లోపంగా భావించి, మళ్ళీ మళ్ళీ అదే పనికి పూనుకొనే అవకాశం ఉంది.