గొంతు దగ్గర బుగులు

కొండాపూర్ అనగానే హైటెక్ సిటీ పక్కనున్నది అనుకునేరు. మాది సంగారెడ్డి జిల్లా కొండాపూర్, శాతవాహనుల నాటి నాణేలు దొరికిన ఊరు. వచ్చే గురువారం ఇక్కడి నుంచి పటాన్‌చెరు, లింగంపల్లి దాటి సిటీలో ఆస్పత్రికి వెళ్తున్నాను. థైరాయిడ్‌లో గడ్డ ఉంది. సూది పరీక్షలో అనుమానంగా వచ్చింది కాబట్టి గ్రంథి మొత్తం తీసేస్తారు. డాక్టర్ ముందు మంగళవారం అన్నారు. “మంగళారం గొంతు మీద కత్తి వెట్టుడేంది బిడ్డా?” అని నానమ్మ అడ్డం పడింది. రెండు రోజులకు ఏం తేడా రాదని డాక్టరూ ఒప్పుకున్నారు.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మా పనిలో కొత్త కోడ్ లైవ్‌లో పెట్టేముందు రోల్‌బ్యాక్ ప్లాన్ రాసుకుంటాం. తేడా వస్తే పాతదానికి వెళ్లిపోవచ్చు. ఇక్కడ అది కుదరదు. తీసేసిన గ్రంథిని మళ్లీ పెట్టరు. నా బుగులంతా అదే. అందరూ “ఏం కాదు” అంటున్నారు, నిద్ర మాత్రం రావట్లేదు. చివరికి ఒక రాత్రి, అసలు దేనికి భయపడుతున్నానో కాగితం మీద రాశాను. నాలుగు తేలాయి. నాలుగూ డాక్టర్‌ని అడిగేశాను.

మొదటిది, మాట పోతుందా? స్వరతంతులను కదిలించే నరం థైరాయిడ్ వెనకాలే ఉంటుంది. అది మెదడు నుంచి నేరుగా గొంతుకు రాదు. ఛాతీ వైపు దిగి, మలుపు తిరిగి మళ్లీ పైకొస్తుంది. సర్జన్ దాన్ని వెతికి, కళ్లతో చూసి కాపాడతారు. కొన్నిచోట్ల నరం పనిచేస్తోందో లేదో చూపే మానిటర్ కూడా వాడతారు. కొన్నాళ్లు గొంతు బొంగురు పోవచ్చు, శాశ్వతంగా దెబ్బతినేది చాలా కొద్దిమందికే. ముందే స్కోప్‌తో నా స్వరతంతులు చూశారు.

రెండోది, కాల్షియం. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి. ఆపరేషన్ తర్వాత అవి నీరసిస్తే కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, చీమలు పాకినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా చెప్పాలి.

మూడోది, జీవితాంతం మాత్ర. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ వేసుకోవాలి. మా అమ్మ పదేళ్లుగా వేసుకుంటూనే పొలం చూసుకుంటోంది. ఇది పెద్ద విషయం కాదనిపించింది.

నాలుగోది పైకి అనలేనిది. 19వ శతాబ్దం మధ్యలో ఈ ఆపరేషన్‌లో పదిమందిలో నలుగురు దాకా చనిపోయేవారు. స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోహర్ రక్తం పోకుండా, ఓపిగ్గా, శుభ్రంగా కోయడం అలవాటు చేసి, ఆ మరణాలను ఒక శాతం లోపుకు తెచ్చాడు. ఆ కృషికే 1909లో నోబెల్ వచ్చింది. నూరేళ్ల కిందటే అంత తగ్గిందంటే నాకు కొంచెం ఊపిరాడింది.

ఇక పనులు. రక్తపరీక్షలు, ఈసీజీ, మత్తు డాక్టర్ చెకప్ అయ్యాయి. వాడే మందులన్నీ, ముఖ్యంగా రక్తం పలచబడేవి, ముందే చెప్పాలి. అన్నం, నీళ్లు ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టర్ చెప్పిందే లెక్క. గోళ్ల రంగు తీసేశాను. తల మీంచి తొడగనక్కర్లేని, ముందు గుండీలున్న చొక్కాలు రెండు సంచిలో పెట్టాను. ఇన్సూరెన్స్ అనుమతి కాగితాలు తమ్ముడి దగ్గరున్నాయి.

బుగులు పూర్తిగా పోలేదు. కానీ ఇదివరకు రాత్రంతా ఉండేది, ఇప్పుడు ఓ అరగంట ఉండి పోతోంది. మీకూ ఇలాంటి తేదీ పడి ఉంటే, భయాలను ప్రశ్నలుగా రాసుకోండి. డాక్టర్ చెప్పింది రాసుకునే మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. కంగారులో మనకు సగం కూడా వినపడదు.

వచ్చే వారం ఈ శీర్షికకు సెలవు. ఆపై వారం కలుద్దాం.