కాటుకరేకుల పొడను కనుగొన్నదెవరు?

"రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో రక్తపింజరను కనుగొన్నాడు." ఈ వాక్యాన్ని ఏదో ఒక రూపంలో మీరూ చదివే ఉంటారు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఫలానా చెట్టును కనుగొన్నాడు, జెర్డన్ తూర్పు కనుమల్లో ఫలానా పిట్టను కనుగొన్నాడు... ఈ "కనుగొన్నాడు" అనే క్రియాపదం మీద నాకు చాలాకాలంగా కోపం. అందులో దొరల వాటా కొంతే. మన వాటాయే ఎక్కువ.

పాట్రిక్ రస్సెల్ వైద్యుడు. అంతకు ముందు అలెప్పో నగరంలో ప్లేగు రోగులకు వైద్యం చేసినవాడు. 1781లో తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను తన ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. ఏ పాము విషపుదో, ఏది కాదో బొమ్మ చూసి గుర్తుపట్టగలిగేలా ఒక గ్రంథం ఉండాలన్నది ఆయన సంకల్పం. అందుకోసం కోరమాండల్ తీరమంతటా పాములను సేకరించి, కోళ్ళ మీదా కుక్కల మీదా వాటి విషాన్ని పరీక్షించి, 1796లో లండన్‌లో రంగుల చిత్రాలతో పుస్తకం అచ్చు వేయించాడు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ పుస్తకంలో రస్సెల్ ఆ పామును తన పేరుతో పిలుచుకోలేదు. "కాటుక రేకుల పొడ" అని ఆంగ్ల లిపిలో అచ్చమైన తెలుగు పేరు రాశాడు. ఆయన పేరు దానికి తగిలించింది జార్జి షా అనే మరో శాస్త్రజ్ఞుడు, మరుసటి ఏడు, ఇంగ్లండులో కూర్చుని. వీపు మీది నల్లని అంచుల మచ్చలను కాటుక దిద్దిన రేకులుగా చూడగలిగిన కన్ను ఒకటి ఈ తీరంలో రస్సెల్‌కు ముందే ఉన్నదని ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతోంది. చూసి పేరు పెట్టినవాడు కనుగొన్నవాడు కాకపోతే, ఆ పేరును విని రాసుకున్నవాడు ఎలా అవుతాడు?

ఆ పుస్తకంలోని "బంగారు పాము" మాటే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి చేతిలో 1803లో "బుంగారస్" అయింది. ఈనాటికీ కట్లపాముల ప్రజాతి మొత్తానికి ప్రపంచమంతటా అదే పేరు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ వర్ణించిన సోమిద చెట్టు, తరువాత "సోయ్మిడా" అనే ప్రజాతిగా స్థిరపడింది. లాటిను తొడుగు తీస్తే లోపల ఉన్నది తెలుగే.

"చూశారా, మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసు!" అని భుజాలు చరుచుకునే మిత్రులకు కూడా ఒక మాట. తెలుసు, నిజమే. ఎవరికి తెలుసు? పాములు పట్టేవాడికి, పుల్లలు ఏరుకునే ఆమెకు, అడవిలో తిరిగేవాడికి తెలుసు. వారి జ్ఞానాన్ని తాటాకు మీదికి ఎక్కించవలసిన వర్గం ఏం చేసింది? భుజంగము, పన్నగము, ఉరగము, ఫణి అని ఒకే పాముకు పర్యాయపదాలు వల్లె వేసింది. అమరకోశం గోనసం, అజగరం వంటి వాటిని వేరు చేసి చెప్పింది, ఆ మాట దాచను. కానీ మన ప్రబంధాల సర్పాల వీపు మీద ఏ మచ్చ ఎక్కడ ఉందో చెప్పిన కవిని నాకు ఒక్కరిని చూపించండి.

రస్సెల్ కూలీవాని నోటి మాటను రాసుకోవడానికి చిన్నతనపడలేదు. రాక్స్‌బర్గ్ సరేసరి, చెట్టు చెట్టుకీ "తెలింగ" పేరు అడిగి రాశాడు. ఆయనకేమీ మన మీద ప్రేమ లేదు. మిరియాలు పండించి, నీలిమందు తీసి, సోమిద బెరడు జ్వరానికి సింకోనా బెరడు బదులు పనికొస్తుందేమో చూసి, కంపెనీకి లాభం చేయడమే ఆయన కొలువు. 1795 నుంచి పాతికేళ్ళపాటు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. వాటిని గీసిన మన చిత్రకారుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. చెట్టు పేరు అడిగినవాళ్ళకు కుంచె పట్టినవాడి పేరు అక్కరలేకపోయింది! దీన్ని క్షమించనక్కరలేదు.

అయినా బ్రౌన్ నిఘంటువు తెరిచి చూడండి. మొక్కల పేర్ల పక్కన "రాక్స్." అనే పొడి గుర్తు కనిపిస్తుంది. పల్లె నోటి నుంచి రాక్స్‌బర్గ్‌కు, ఆయన నుంచి బ్రౌన్‌కు, బ్రౌన్ నుంచి మనకు: మన మాట మన దగ్గరికి రావడానికి ఇంత చుట్టుదారి పట్టింది. బ్రౌన్ పేర కడపలో గ్రంథాలయం కట్టుకున్న మనం, ఆ మాటల మొదటి యజమానుల దగ్గరికి పెన్నూ కాగితమూ పట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళాం? "రస్సెల్స్ వైపర్" అని తెలుగు లిపిలో రాసి అదే తెలుగు అనుకుంటున్నాం.

జెర్డన్ పిట్ట కథ దీనికంటే విచిత్రం. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కిన ఆ పిట్ట, 1900 తరువాత ఎవరికీ కనబడలేదు కనుక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు కడప జిల్లాలో గాలిస్తుండగా, అక్కడి వేటగాడొకడు రాత్రివేళ దానిని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. దీనిని పునరావిష్కరణ అంటున్నారు. ఆ ఎనభై ఆరేళ్ళూ ఆ పిట్ట ఎక్కడికీ పోలేదు. ముళ్ళపొదల సందుల్లో రాత్రుళ్ళు పురుగులు ఏరుకుంటూనే ఉంది. ఆ ఊళ్ళలో దాని పేరు కలివికోడి.